గట్టు సాలు కాయలు

మిరప వేసే మా ఊళ్ళ సంగతి ఒకటి చెప్తాను. బయటివాళ్ళకు తెలియదు. మాకు తెలుసు గానీ మాలో మేం మాట్లాడుకోం. తోట ఎన్ని ఎకరాలు వెయ్యనీ, గట్టు పక్కన ఒక సాలు మాత్రం విడిగా ఉంటుంది. దానికి మందు కొట్టం, పురుగు తినగా మిగిలిందే చాలనుకుంటాం. ఆ కాయలు గుంటూరు యార్డుకు పోవు, కోల్డ్ స్టోరేజీకి పోవు. ఇంట్లోకి వస్తాయి. పచ్చడికి, ఏడాది కారానికి, అత్తారింట్లో ఉన్న ఆడపిల్లకి, ఎవరికన్నా మర్యాద చెయ్యాల్సి వస్తే వాళ్ళకి. మిగతా తోట మీద మాత్రం మందు మీద మందు పడుతుంది. లేదంటే నల్లతామర పురుగు పట్టి ఆకు ముడుచుకుపోయి, కాయ కాదు కదా కట్టె కూడా మిగలదు.

మేం దాన్ని గట్టు సాలు అంటాం. పక్క తోటవాళ్ళు ఇంటి సాలు అంటారు. ఏ పేరైనా ఒకటే. నేను కాపురానికి వచ్చినప్పుడు ఇంత మందులూ లేవు, ఈ సాలూ లేదు. మందులు పెరిగేకొద్దీ ఈ సాలు పుట్టింది. ఫలానా రోజు ఫలానావాడు మొదలుపెట్టాడని ఎవరూ చెప్పలేరు. తప్పనుకోలేదు నేను. పాలమ్ముకునేవాళ్ళు ఇంట్లో పిల్లలకు చెంబెడు పాలు తీసి పెట్టుకోరా, ఇదీ అంతేననుకున్నా.

నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. చిన్నప్పుడు మా నాన్న ఆడపిల్ల చేతికి పలక ఎందుకు, కొడవలి చాలు అన్నాడు. కొడవలే ఇచ్చాడు. నాకు రాతా చదువూ నేర్పింది మా తోటలో కాయకోతకు వచ్చే ముఠామేస్త్రి. పది పదిహేను మంది ఆడాళ్ళను కూడేసుకుని ఆటోలో తీసుకొచ్చే మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. వాళ్ళ పల్లెలోని చర్చిలో బైబిలు చదవాలని పట్టుబట్టి ముందు తను నేర్చుకుంది. తర్వాత మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వేపచెట్టు కింద మిరపపుల్లతో మట్టిలో గీసి నాకు నేర్పింది. నేను తప్పు రాస్తే అరికాలితో చెరిపేసేది. "అక్కా, ఇది కొమ్ము కాదు, పశువు తోక" అనేది. ముఠా అంతా నవ్వేది. నాకు కోపం వచ్చేది, మళ్ళీ మర్నాడు కూర్చునేదాన్ని.

నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట మందు డబ్బా మీద ఉంది. మా తోటలో అక్షరాలున్న వస్తువు అదొక్కటేగా. వి, ష, ము. చదివి గొప్పగా మేస్త్రి వంక చూశా.

"దానికి చదువెందుకక్కా, పక్కనే పుర్రె బొమ్మ ఉందిగా" అంది.

ఆమెకూ నాకూ మధ్యాహ్నం పూట ఒక అలవాటుండేది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని గిన్నెలు తెరిచేవాళ్ళం. నా గిన్నెలో ఆమె చెయ్యి పెట్టేది, ఆమె గిన్నెలో నేను పెట్టేదాన్ని. గోంగూర ఆమెదే బాగుంటుంది. పచ్చడి నాది బాగుంటుందని ఆమె అనేది. మా అత్త బతికున్నప్పుడు ఇది కుదిరేది కాదు. మా అత్త కాలంలో పనివాళ్ళ కోసం చూరులో ఒక సత్తు గ్లాసు వేరే ఉండేది. అత్త పోయిన ఏడే నేనా గ్లాసు తీసి పాత సామాన్లవాడికి వేశాను. ఆ సంగతి చానామందికి చెప్పుకున్నా కూడా. నేను అందరితో కలిసి తింటానని, నాకు అట్టాంటివి లేవని. గ్లాసు తీసేసిన మాట నిజమే.

రెండేళ్ళ కిందట నాకు కడుపులో మంట పట్టుకుంది. ఏం తిన్నా గొంతులోకి ఎగదన్నేది. నరసరావుపేటలో డాక్టరు నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసి, లోపల పుండ్లున్నాయి, కారం తగ్గించమన్నాడు. మిరప రైతు పెళ్ళానికి కారం తగ్గించమని చెప్పడం తేలికే. కూరగాయలు కూడా వీలైతే మందు కొట్టనివి చూసుకుని తినమన్నాడు. చీటీ రాస్తూ తలెత్తకుండానే ఇంకో మాటన్నాడు.

"మీ రైతులు మీ ఇంటికి వేరే పెంచుకుంటారంటగా. మాకూ కాస్త పడెయ్యండమ్మా."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వా. ఆ ఏడు గట్టు సాలు కాయలు సంచిలో పోసుకుని బస్సెక్కి పోయి ఇచ్చా. "మందు కొట్టనివేనా?" అనడిగాడు. "ఒక్క చుక్క పడలేదు సార్" అన్నా. అదీ పూర్తిగా నిజం కాదు. మా ఆయన తోటలో పంపు పట్టుకుని నడుస్తుంటే గాలి ఎటు కొడితే అటు పోద్ది మందు. గాలికి గట్టు సాలని ఏం తెలుసు.

ఇక అసలు సంగతి నిరుడు జరిగింది.

నిరుడు గట్టు సాలు సరిగా కాయలేదు. రెండు చాటలు కూడా రావని అప్పటికే తెలిసిపోయింది. అందులో కొంత విజయవాడలో ఉన్న మా కోడలికి, కొంత డాక్టరుకి అనుకున్నా. మిగిలింది నా పచ్చడికి. తోటలో కోత ఆఖరు రోజు. కోత అయిపోయిన రోజు కోసినోళ్ళకి ఒడి నింపి పంపడం మా దగ్గర మర్యాద. పండుకాయలు ఒడినిండా పోస్తే ఇంటికి పట్టుకెళ్ళి పచ్చడి నూరుకుంటారు. ముఠా అంతా చెట్టు కింద చేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నారు. కోత రోజుల్లో చేతులు అట్టా మండుతుంటాయి. మేస్త్రి నన్ను కొంచెం పక్కకు పిలిచింది.

"అక్కా, మా పిల్ల నీళ్ళోసుకుంది."

"ఇప్పుడా చెప్పేది? ఎన్నో నెల?"

"అయిదు నిండింది. నిలిచేదాకా ఎవరికీ చెప్పొద్దంది. ఇంతకు ముందు రెండు సార్లు పోయినయ్‌గా."

ఆ రెండు సార్లూ నాకు తెలుసు. ఆ రెండు సార్లూ మేస్త్రి మూడో రోజుకే పనిలోకి వచ్చింది, ఎవరితో మాట్లాడకుండా కాయ కోసింది.

"దానికి పండుమిరప పచ్చడి మీద పడింది మనసు. వాళ్ళత్త నూరింది వద్దంట, నేను నూరిందే కావాలంట."

"అంత కారం తింటే లోపలుండేది ఎగిరి బయట పడుద్ది."

"నువ్వు కడుపుతో ఉన్నప్పుడు కొరివికారం ముద్దలు ముద్దలు తిన్నావంటగా, మీ అత్త చెప్పేది. మీవోడు ఎగిరి ఎక్కడ పడ్డాడేంది?" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "గట్టు సాలువి ఒక చాటెడు ఇయ్యి అక్కా. తోటలోవి వద్దు. మొన్నేగా కొట్టింది."

ఇన్నేళ్ళలో ఆ సాలు గురించి ఒక మనిషి నోరు తెరిచి నాతో అనడం అదే. డాక్టరు అన్నాడు గానీ ఆయన బయటివాడు, ఏదో విన్నమాట అన్నాడు. ఈమె నా తోటలో నిలబడి, నా మొహం మీద అంది. తెలుసని చెప్పింది. తెలిసీ ఇన్నేళ్ళూ మందు తోటలో మూతికి గుడ్డ కట్టుకుని కోసిందని, ఏటా ఒడిలో మందు కాయలే పోస్తుంటే పట్టుకుపోయిందని నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. అర్థమైతే తల దించుకోవాలి. నాకు తల దించుకోవడం రాదు, కోపం వచ్చుద్ది.

"ఏం, గట్టు సాలువి బంగారపు కాయలా?" అన్నా. గట్టిగానే అన్నా, ముఠాకి వినపడేట్టు. "అన్నీ ఒకే నారుమడి మొక్కలు. అందులో లేంది ఇందులో ఏముంది? ఎర్రగా ఎక్కడుంటే అక్కడ కోసుకో, ఒడి నింపుకో. అడ్డం వచ్చేదెవరు?"

నారుమడి మాట నిజం. నిజం మాట పట్టుకుని అబద్ధం ఆడొచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

ఆమె నా వంక చూసింది. నేను తప్పు రాసినప్పుడు చూసినట్టు చూసింది, కాకపోతే ఈసారి నవ్వలేదు. "సరేలే అక్కా" అంది. తోటలోకి పోయి ఏరి ఏరి మంచి పండుకాయలు కోసుకుంది. నేను ఊరుకున్నానా? పోయి నా చేత్తో ఇంకో రెండు దోసిళ్ళు ఆమె ఒడిలో పోశా.

రాత్రి అన్నం తినేటప్పుడు మా ఆయన అడిగాడు. "మేస్త్రి పక్కకు పిలిచిందేంది?"

చెప్పా. ఆయన ముద్ద కలుపుకున్నాడు. "కడిగితే పోద్దిలే" అన్నాడు.

"నువ్వు కడుక్కుని తింటావా?"

"నాకేం ఖర్మ? మనకు గట్టు సాలుందిగా."

ఆయన చెడ్డోడు కాదు. తినడానికి ఏది మంచిదో, అమ్మడానికి ఏది నిలబడుద్దో తెలిసినోడు, అంతే. నేనూ అంతే. ఆ రాత్రి పచ్చడి వడ్డించుకోలేకపోయా. పుండ్లు మండుతున్నాయని చెప్పి మజ్జిగ పోసుకున్నా.

తర్వాత రోజులు బాగా గడవలేదు. ఆ పిల్ల కళ్ళ ముందు ఆడేది. చిన్నప్పుడు సెలవుల్లో వాళ్ళమ్మ వెంట కోతకు వచ్చి చెట్టు కింద నిద్రపోయేది. రెండు సార్లు పోయిన కడుపు. మూడోసారి నా దోసిలి. మందు తగిలిన కాయ తింటే ఏమవుద్దో నాకు తెలియదు, ఏమీ కాకపోవచ్చు కూడా. ఊళ్ళో ఎంతమంది తినడం లేదు? కానీ ఏమీ కాదని నాకు అంత ధైర్యమే ఉంటే నేనెందుకు తినను?

మేస్త్రికి ఫోను చేశా. ఎట్టున్నావ్, పిల్ల ఎట్టుంది అన్నా.

"పచ్చడి నూరావా?" అనడిగా.

"ఇంకా లేదక్కా. చింతపండు తేవాలి."

అప్పుడు చెప్పొచ్చు. నూరొద్దే, పారబొయ్యి, గట్టు సాలువి నేను తెచ్చిస్తా అని. నోటి దాకా వచ్చింది. ఆ మాట చెప్పాలంటే మొన్న ముఠా ముందర ఆడింది అబద్ధమని ముందు ఒప్పుకోవాలి. "పాత చింతపండు వెయ్యొద్దు, పచ్చడి నల్లబడుద్ది" అని ఫోను పెట్టేశా. పచ్చడి రంగు గురించి జాగ్రత్త చెప్పా.

మర్నాడు డాక్టరు దగ్గరికి పోవాల్సిన రోజు. సంచిలో గట్టు సాలు కాయలు పోసుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకు కూర్చున్నా. దారంతా సంచి బరువుగానే ఉంది. దిగి ఇంటికి పోదామా, అట్నుంచి అటే పల్లెకి పోయి మేస్త్రి చేతిలో పెడదామా అనుకున్నా. దిగలేదు. డాక్టరుకే ఇచ్చా. ఆయన మళ్ళీ అదే అడిగాడు, నేను మళ్ళీ అదే చెప్పా.

ఎండలు ముదిరాక మేస్త్రి ఇంటి నుంచి పిలుపొచ్చింది. పిల్లకు ఏడో నెల, పాస్టరు గారొచ్చి ప్రార్థన చేస్తారు, భోజనాలున్నాయి, రా అక్కా అని. పోకుండా ఉందామనుకున్నా. పోకపోతే ఎందుకు రాలేదంటారు. చీర, పళ్ళు పట్టుకుని పోయా.

పాస్టరు గారు చానాసేపు ప్రార్థన చేశారు. గర్భఫలం దేవుడిచ్చే బహుమానమన్నారు. నేను కళ్ళు మూసుకోలేదు. పిల్ల బొద్దుగా, కళగా ఉంది. బాగుందిలే అని నాకు నేను చెప్పుకున్నా. భోజనాలకి కూర్చోబెట్టారు. విస్తట్లో అన్నం, పప్పు, కోడికూర వడ్డించారు. పిల్ల నా పక్కనే కూర్చుంది. ఆమె విస్తట్లో అన్నం మీద ఎర్రగా పండుమిరప పచ్చడి, దాని మీద నూనె. ఆ పిల్ల వేరే దేని వంకా చూడకుండా అదే కలుపుకుంటోంది.

మేస్త్రి పచ్చడి గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నేను విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టా.

"వద్దే. డాక్టరు కారం వద్దన్నాడు."

"అదేంది పెద్దమ్మా" అంది పిల్ల, నోట్లో ముద్దతోనే. "మాకు కాయలిచ్చి పంపిన మారాణివి, నువ్వు తినకపోతే ఎట్టా?"

వాళ్ళమ్మ ఆ పిల్లకేం చెప్పలేదని అప్పుడర్థమైంది. నా చెయ్యి విస్తరి మీంచి తియ్యలేకపోయా, ఉంచలేకపోయా. అందరూ చూస్తున్నారు. మేస్త్రి వంగి, నా చెవి దగ్గర మెల్లగా అంది.

"తిను అక్కా. అవి నీ తోటవి కాదు."

చెయ్యి తీశా. గరిటెడు వేసింది. తిన్నా. పుండ్లన్నీ మండాయి. చానా బాగుంది.

చేతులు కడుక్కునే చోట ఆమె చెంబుతో నీళ్ళు పోసింది. ఎవరూ లేరు.

"ఎక్కడివే?" అన్నా.

"రాజుపాలెంలో మా అన్నోళ్ళ ఇంటి వెనక నాలుగు మొక్కలున్నయ్. పోయి కోసుకొచ్చా."

"మరి నేనిచ్చినవి?"

"ఎండబెట్టా. సంతలో అమ్మేశా."

"ఎవరికి?"

ఆమె చెంబు కింద పెట్టింది. "నువ్వెవరికి అమ్ముతావో వాళ్ళకే అక్కా. నీకు వాళ్ళ పేర్లు తెలుసా ఏంది?"

నేను తడి చేతులు కొంగుకు తుడుచుకున్నా. ఆమే మళ్ళీ అంది. "ఆ డబ్బులతోనే కోడికూర పెట్టిందనుకునేవు. అంత రాలేదులే." నవ్వబోయి ఆగింది. "పారబోద్దామనే అనుకున్నా. చేతులు రాలేదు. కోసింది నేనేగా. పాస్టరు గారికి ఇవన్నీ చెప్పలేదు."

ఇంటికొచ్చే దారిలో ముందు నాకు కలిగింది సంతోషమే. పిల్ల తినలేదు, నా మీదికి ఏం రాదు అని. ఊరి మలుపు దాకా ఆ సంతోషం ఉంది. ఆ తర్వాత సంతలో కొనుక్కున్న మనిషి గుర్తొచ్చింది. ఆమె ఎవరో, వాళ్ళింట్లో ఎవరు కడుపుతో ఉన్నారో. యార్డుకు ఏటా మేం పంపే టిక్కీలు, ఆ కాయల గోతాలన్నీ గుర్తొచ్చాయి. వాటిని తినేవాళ్ళ మొహాలు నేనెప్పుడూ ఊహించుకోలేదు. ఒక్క మొహం తెలిసినది వచ్చి అడిగితే ఇంత గోల. తెలియని మొహాల కోసం నేను ఒక్క రాత్రి కూడా మజ్జిగతో పడుకోలేదు.

చూరులో గ్లాసు తీసేశానని చెప్పుకున్నా కదా. ఆ గ్లాసు జానెడుండేది. గట్టు సాలు తోట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది.

పిల్లకు ఆడపిల్ల పుట్టింది. బాగుంది. చూసి వచ్చా.

ఈ ఏడు నారు పోసేటప్పుడే మా ఆయనతో అన్నా, ఒక ఎకరం మందు లేకుండా వదిలేద్దామని. వేప కషాయం కొట్టి చూద్దామన్నా. సరేనని ఒక మూల కొట్టి చూశాడు. పురుగు కషాయం తాగి ఇంకాస్త బలిసింది. ఆకు ముడుచుకుపోయింది. "ఎకరం వదిలేసి ఏం తిందామే, సిగ్గు తిందామా?" అన్నాడు. మిగతా తోటకు ఎప్పటిలాగే కొట్టాం. పంపు చప్పుడు వింటూ నేను ఇంట్లోనే కూర్చున్నా. ఒక్కటి చేశాం. గట్టు పక్కన ఒక సాలు బదులు రెండు వేశాం.

కోతకు ముఠా వస్తుందో రాదో అనుకున్నా, వచ్చింది. మేస్త్రిని గట్టు దగ్గరకు తీసుకుపోయి చూపించా. "ఈ రెండోది మీ ముఠాది. మీ చేతులతో మీరే కోసుకోండి, ఒడి దీంట్లోంచే నింపుకోండి" అన్నా.

సాలు వంక, నా వంక చూసింది. "కూలోళ్ళ సాలా అక్కా ఇది? పేరు కూడా పెట్టావా?"

ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వారు. నిరుడు అందరికీ వినపడేట్టు నేనన్న మాటకి ఇది తక్కువే. నిరుడు నేను చెప్పింది అబద్ధమని అప్పుడు చెప్పా, వాళ్ళందరి ముందే. గొంతు అనుకున్నంత పెద్దగా రాలేదు. "తెలుసులే అక్కా" అంది మేస్త్రి. తెలుసని నాకూ తెలుసు. అయినా చెప్పా.

మధ్యాహ్నం వేపచెట్టు కింద ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చున్నాం. గిన్నెలు తెరిచాం. నా గిన్నెలో అన్నం, పప్పు, ఒక పక్కన పండుమిరప పచ్చడి. ఆమె చెయ్యి నా గిన్నె దాకా వచ్చి ఆగింది.

"గట్టు సాలువేనా?" అనడిగింది.

డాక్టరు అడిగిన మాటే. ఆయన అడిగితే గొప్పగా జవాబు చెప్పిన మనిషిని నేను. ఈమె ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు. చెయ్యి పెట్టేది, తినేది.

"గట్టు సాలువే" అన్నా.

కాసేపు నా మొహం చూసింది. వేలి కొసతో కొంచెం తీసి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు తక్కువేశావ్" అంది. తన గిన్నెలోంచి గోంగూర తీసి నా అన్నం మీద వేసింది. అది ఎవరి చేలోదో, ఏం కొట్టారో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. కలుపుకుని తిన్నా.